మా వీధి కుక్కే గుర్తుపట్టలేదు

రేపు వియత్నాంకి ఒంటరిగా బయలుదేరుతున్నాను. బరువు అలవాటవుతుందని ఈ సాయంత్రం పెద్ద బ్యాగు వీపుకి తగిలించుకుని మా రాయచూరు వీధిలోనే నాలుగడుగులు నడిచాను. రోజూ నా చేతి అన్నం తినే నల్లకుక్క పళ్లు బయటపెట్టి మీదికొచ్చింది. నేను గోడకి అతుక్కుపోయాను.

ఎదురింటి మల్లమ్మక్క చీపురుతో పరుగెత్తుకొచ్చింది.

"బ్యాగు దించు పిల్లా, అది నిన్ను గుర్తుపడ్తలేదు! ఇంటి ముందలనే గిట్ల వణుకుతున్నవ్, గంత దూరం ఒక్కదానివే ఎట్ల పోతవే?"

"నాకేం భయం లేదక్కా" అంటూనే బ్యాగు పట్టీలు వదులు చేశాను.

బ్యాగు దించగానే కుక్క తోకాడిస్తూ వచ్చి నా చేతులు నాకింది.

ఒంటరిగా వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. అక్కడ బ్యాగు దించినా నన్ను గుర్తుపట్టేదెవరు?