ముక్కు పట్టేంత సందు

నా చిన్నప్పుడు తార్నాకలో మా ఇంటికీ పక్కింటికీ కలిపి ఒకటే ప్రహరీ గోడ. ఆ గోడ మీద, రేకు చూరు కింద, ఒక పంజరం ఉండేది. అందులో ఫించ్ పిట్టల జంట. పోతు మాది, పెట్ట వాళ్ళది. బొటనవేలంత ఉండేవి గానీ, కూత పెడితే వంద బొమ్మ బూరాలు ఒక్కసారి ఊదినట్టు లాలాపేట దాకా వినిపించేది. లాలాపేట వాళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా కుదిరారు. పక్కింటి బాబాయిది నల్లగొండ వైపు. ఆయనదీ అదే ఆఫీసు, పక్క బల్లే. పాతబస్తీకి వెళ్ళి ఆ పిట్టల్ని కొన్నది ఇద్దరూ కలిసే. తర్వాత అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఉద్యోగాలు ఎవరికి దక్కాలన్న మాట మీద ఒకరోజు ఇద్దరికీ చెడింది. రెండు బల్లల మధ్య హుస్సేన్ సాగరంత ఖాళీ ఏర్పడింది. పంజరం మాత్రం గోడ మీదే ఉండిపోయింది. ముందు దించినవాడు ఓడినట్టని ఇద్దరూ దాని జోలికి పోలేదు.

ఆ రోజుల్లోనే గూట్లోంచి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. అవి ఇంకా రెక్కలు సరిగ్గా విప్పకముందే పెట్టకు మళ్ళీ గుడ్లు పెట్టే తొందర పుట్టింది. కొత్త గూటికి మెత్త కావాలి కదా, సొంత పిల్లల వీపు మీద ఈకలే పీకడం మొదలుపెట్టింది. తల్లి ప్రేమ గురించి బళ్ళో చెప్పిందంతా నాకు ఒక్క పూటలో అబద్ధమైపోయింది. పిల్లల వీపుల మీద రక్తపు చుక్కలు కనిపించాయి. తల్లి నుంచి వాటిని విడదీయాలి. కానీ గింజ ఒలుచుకోవడం వాటికి ఇంకా రాదు, తండ్రి నోటికి అందించాల్సిందే. ఆ తండ్రేమో పెట్ట పక్కన లేకపోతే మేతే ముట్టదు.

మా నాన్న రంగంలోకి దిగారు. ఆయన సుత్తి పట్టుకుంటే తార్నాకలోని మేకులన్నీ కొట్టకముందే వంగేవి. నాలుగు బద్దలు చట్రంగా బిగించి, వంటింటి కిటికీకున్న దోమల జాలీ ఊడదీసి దానికి కొట్టి, పంజరం మధ్యలో అడ్డం పెట్టారు. జాలీకి అటు పోతు నోటి నిండా మేతతో నిలబడింది. ఇటు నాలుగు పిల్లలు నోళ్ళు తెరిచాయి. అంతే, ఒక్క గింజ ఇవతలికి రాలేదు. మధ్యాహ్నానికి అన్నిటికన్నా చిన్నది ఒళ్ళు ఉబ్బించుకుని కళ్ళు మూసుకుంది. అంతంత పిట్టలు ఖాళీ కడుపుతో రాత్రి గడిపితే తెల్లారేసరికి ఉండవని పక్కింటి బాబాయి గోడ అవతల నుంచి అన్నారు. మాతో కాదు, వాళ్ళ జామచెట్టుతో అన్నారు. పెద్ద కన్నాల జాలీ తెద్దామంటే బంద్. హబ్సిగూడ దాకా ఒక్క కొట్టు తలుపు తీసిలేదు.

అప్పుడొచ్చింది పక్కింటి అక్క. బాబాయి కూతురు, క్యాంపస్‌లో ఎమ్మెస్సీ. పొద్దుటి నుంచి ఊరేగింపులో అరిచి అరిచి గొంతు పోయింది, బాష్పవాయువుకు కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. పంజరంలోకి తొంగిచూసి గుసగుసగా అంది.

"ఏంది బాబాయ్ గిది? దోమలే పోని జాలీల కెల్లి గింజెట్ల పోతది?"

"పిట్టలు దూరకుండా ఆపాలి కదమ్మా" అన్నారు నాన్న.

"ఆపుడు తర్వాత. ఏది పోవాల్నో అది ముందు కొలువుండ్రి."

నా సంచీలోంచి పెన్సిలు తీసి పోతు ముక్కు పక్కన పెట్టి చూసింది. సరిపోయింది. ఇక మా అమ్మ చీపురు అడిగింది. అది మామూలు చీపురు కాదు. కోనసీమ నుంచి మా అమ్మమ్మ పంపిన కొబ్బరి ఈనెల చీపురు, మా ఇంట్లో పట్టుచీర తర్వాత దానికే అంత మర్యాద. మొదళ్ళు మాత్రం విరవొద్దని అమ్మ బతిమాలింది. అక్క మొదళ్ళే విరిచింది, గట్టిగా ఉండేవి అవే. జాలీ పీకేసి, చట్రానికి ఈనెల్ని నిలువుగా, ఒక్కోదాని మధ్య పెన్సిలంత సందు వదిలి దారంతో కట్టింది. పెన్సిలు పట్టుకోవడం నా వంతు.

అడుగు సంగతి ఇంకోటి. పంజరం అడుగు తీగలది, చిన్నదాని కాలు అందులో దిగబడుతోంది. పేపరు పరుద్దామంటే మా పత్రిక వాళ్ళకు గిట్టదు, వాళ్ళ పత్రిక మాకు గిట్టదు. ఎవరి వార్తల మీద పిట్టలు రెట్ట వేయాలన్నది ఢిల్లీ దాకా పోయే సమస్య. అక్క రెండూ ఒకదాని మీద ఒకటి పరిచింది. నున్నటి కాగితం మీద పిల్లల కాళ్ళు చెరోవైపు జారాయి. అది చూసి బాబాయి వీధి చివర కట్టుబడిలో ఉన్న ఇంటి దగ్గర నుంచి ఇసుక తెచ్చి, మా నాన్న పీకిన జాలీతోనే జల్లించి గోడ మీద పెట్టారు. ఎవరితోనూ ఏమీ అనలేదు, జామచెట్టుతో కూడా.

అక్క ఆ ఇసుక కాగితాల మీద పరిచి అడ్డు బిగించాక, అందరం పంజరం చుట్టూ మూగాం. పోతు ఈనెల దగ్గరికొచ్చి, ఒకసారి వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చి ముక్కు దూర్చింది. పెద్దవి మూడూ తోసుకుంటూ తిన్నాయి. చిన్నది చాలాసేపటికి కళ్ళు తెరిచి, ఇసుక మీద నిలదొక్కుకుని నడిచివచ్చి నోరు తెరిచింది. పెట్ట కూడా ఈకల కోసం ముక్కు చాపింది గానీ, పిల్లలు ఒక్క గెంతు వెనక్కి వేశాయి. గెంతడానికి వాటికిప్పుడు చోటుంది. నాలుగూ బతికాయి.

నాన్నా బాబాయీ ఆ వెంటనే కావలించుకోలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం జామచెట్టు ద్వారానే మాట్లాడుకున్నారు. అక్క మర్నాడు మళ్ళీ ఊరేగింపుకు వెళ్ళింది.

నేను మాత్రం ఆ రోజు నుంచి ఎక్కడ అడ్డు కనిపించినా దాని సందు చూస్తాను. మా అమ్మాయి పదో తరగతిలో నా మీద అలిగి, గది గడియ వేసుకుని, అన్నం మానేసింది. తలుపు విరగ్గొడదామని మావారు భుజం సవరించుకున్నారు. నేను వరండాలోకి వెళ్ళి ఆ గది కిటికీ ఊచల మధ్య వేళ్ళు పెట్టి కొలిచాను. పళ్ళెం పట్టదు. చుడితే పెసరట్టు పడుతుంది. చుట్టి లోపలికి తోసి వచ్చేశాను. కాసేపటికి గదిలోంచి అల్లప్పచ్చడి ఏదని గొంతు వినిపించింది.