గల్లీ దాటిన పాట

మా తమ్ముడికి పేరు తెచ్చిన ఆ ఒక్క ర్యాప్ పాటలో సగం నా తిట్లే. "లేరా, మొహం కడుగు, గల్లీ దాటు" అని రోజూ పొద్దున నేను అరిచే మాటలకు బీటు కట్టి ఫోన్లో వదిలాడు. శాలిబండ ఆటోలన్నింటిలో అదే మోగింది. నా నోరు వాడుకునే ముందు నన్నడగొద్దా అని నేను మాత్రం వాడితో పోట్లాడాను.

తర్వాత చాలా పాటలు చేశాడు. అవి మొదటిదానికన్నా బాగున్నాయి. ఎవరేమన్నా నేనీ మాట మార్చను. కానీ వాటిని ఎవరూ వినలేదు. కాలేజీ ఫంక్షన్లోనైనా, పత్తర్‌గట్టిలో ఎవరైనా చీరల దుకాణం తెరిచినా, ఆ పాత పాటే పాడమనేవారు. చివరికి పురానాపూల్ దగ్గర స్పీకర్లు బాగుచేసే షాపులో చేరాడు. ఆ పని వాడికి నచ్చింది. పెళ్లిళ్లకు రావడం మాత్రం మానేశాడు. ఎక్కడికి పోయినా చేతిలో మైకు పెట్టి పాడించుకుని, ఇంకో హిట్టు ఎప్పుడని అడుగుతారట. మెల్లగా ఇంట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. వీడు మనుషుల్లో కలవకుండా పోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

మొన్న మా పిన్ని కొడుకు పెళ్లికి పట్టుబట్టి తీసుకెళ్లాను. వాడి చేతిలో ఎవరైనా మైకు పెడితే భోజనాల దగ్గర లొల్లి చేస్తానని పిన్నికి ముందే చెప్పి ఉంచాను. చేస్తానని ఆవిడకు తెలుసు.

బరాత్ కదిలింది. మర్ఫా మేళం వాళ్లు డోళ్లు అందుకున్నారు. కాసేపటికి దరువు మారింది. అదే బీటు. గుంపంతా "గల్లీ దాటు" అంటూ ఎగరడం మొదలుపెట్టింది. తమ్ముడి మొహం మాడిపోయింది. వాడివైపు మాత్రం ఎవరూ చూడలేదు. నేను జనాన్ని తోసుకుంటూ పోయి, మేళానికి పెద్దయిన తెల్లగడ్డం ఉస్తాదును నిలదీశాను, ఈ పాట ఎవరిదో తెలుసా అని.

"మాదే అమ్మా. మా దాదా కాలం సంది వాయిస్తున్నం," అన్నాడాయన, చేతిలో కర్ర ఆపకుండా.

ఇంతకన్నా మంచి తగాదా నాకు జన్మలో దొరకదు. నోరు తెరిచాను. వెనకనుంచి తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు.

"ఊకో అక్కా. వాళ్లదే అననీ. ఇంకోటి ఎప్పుడని ఇగ నన్నెవరడుగుతరు?"

చెప్పులు విడిచి గుంపులో దూరాడు. నా తిట్లనే అందరికన్నా గట్టిగా అరుస్తూ ఎగిరాడు. నేను ఆ చెప్పులకు కాపలాగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఎంత బిగబట్టుకుని ఉన్నానో.

పిన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందే, లొల్లి చేయవా?"

"భోజనాల కాడ చూద్దాం తియ్యి," అన్నాను.