టీచరమ్మ గారు అడిగిన రెండో పడవ

పోయిన సోమవారం పొద్దున మా అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయ్, టీచరమ్మ గారు పోయారే. రేవులోనే పోయారు."

నేను గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపులో పనిచేస్తాను. గుండెనొప్పి వస్తే క్షణం ఆలస్యం చెయ్యొద్దని రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. ఆవిడ మాత్రం గంటకు పైగా రేవు ఇసుకలో నులకమంచం మీద పడుకుని పడవ కోసం ఎదురుచూశారు. అవతలి గట్టు మీద అంబులెన్సు వచ్చి ఆగి ఉంది. అది ఆవిడకు కనిపిస్తూనే ఉందట.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. శాంతంగా రాయలేకపోతే మన్నించండి.

మాది కృష్ణ మధ్యలో ఉన్న లంక ఊరు. మిరపకోతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, పిల్లలు హైస్కూలుకు పోవాలన్నా ఏరు దాటాల్సిందే. ఉన్నది ఒక్క పాత పడవ. అది అవతల ఉంటే మేం ఇవతల ఆగాల్సిందే.

టీచరమ్మ గారిది పర్చూరు దగ్గర పల్లె. మా బడికి కొత్తగా వచ్చినప్పుడు ఏడాదిలో బదిలీ చేయించుకుని పోతుందిలే అనుకున్నారట అందరూ. రిటైరయ్యాక కూడా పోలేదు. మెత్తని మనిషేం కాదు. చర్చిలో ముందు వరసలో కూర్చుని, పాటలో ఎవరు శ్రుతి తప్పినా వెనక్కి తిరిగి చూసేవారు. చాక్‌పీసు అరిగి గోరంత అయినా పారెయ్యనిచ్చేవారు కాదు. చెవి మెలిపెడితే సాయంత్రం దాకా మండేది.

ఐదో తరగతిలో మాచేత వ్యాసాలకు బదులు అర్జీలు రాయించారు, లంకకు రెండో పడవ కావాలని. నేను "మా కష్టాలు చూసి కరుణించండి" అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేశారు.

"కరుణ ఎందుకే? అడుక్కుంటున్నావా? ఏడుస్తూ అడిగితే జాలిపడి టీ ఇచ్చి పంపించేస్తారు. పడవ ఏ తారీకున వస్తుందో అడుగు."

ఆ తారీకు అడుగుతూనే ఆవిడ తల నెరిసింది. కుర్చీల్లో మనుషులు మారారు. ఆవిడ మాత్రం అర్జీల నకళ్ళు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళ్తూనే ఉన్నారు.

చివరికి పోయిన ఏడాది కొత్త ఇంజను పడవ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి ఫొటోలు దిగారు. మూడు నెలలు తిరక్కముందే దాన్ని దిగువన ఇంకో రేవుకు పట్టుకుపోయారు. విహారానికి వచ్చేవాళ్ళు అక్కడ ఎక్కువట. అడగడానికి ఆఫీసుకు వెళ్ళినప్పుడు నేనూ ఆవిడ పక్కనే ఉన్నాను.

"అక్కడ ప్యాసింజర్లు ఎక్కువ మేడమ్. మీ లంకలో ఎంతమంది ఉన్నారని?" అన్నాడు ఆఫీసరు, ఫైలులోంచి తల ఎత్తకుండా.

"జనం తక్కువైతే ప్రాణం కూడా చవకవుద్దా అండీ?"

ఆయన తల ఎత్తాడు. "కూర్చోండి మేడమ్, టీ తాగి వెళ్దురుగాని."

ఆవిడ నావైపు తిరిగి "చూశావా?" అని బయటికి వచ్చేశారు.

ఆ సోమవారం పాత పడవ అవతలి గట్టున ఇంజను మొరాయించి ఆగిపోయింది. తెడ్లతో తోసుకుంటూ తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. మంచం పక్కన ఉన్న మా అన్నయ్యతో ఆవిడ చివరిగా అన్న మాట ఇదీ: "ఇయ్యాల పిల్లలు పరీక్షకు ఎట్టా పోతార్రా?"

మర్నాడు సమాధి కార్యక్రమానికి పెద్దమనుషులు దండలు పట్టుకుని వచ్చారు. వచ్చింది ఏ పడవలో అనుకున్నారు? మా దగ్గర్నుంచి పట్టుకుపోయిన కొత్త పడవలోనే. "లంకకు తీరని లోటు" అన్నాడు తెల్లచొక్కా నాయకుడొకాయన. మట్టి వేసి తిరిగి రేవుకు వచ్చేసరికి, మిరపకోత ముఠా నడిపే అక్క ముందుగా వెళ్ళి ఆ పడవలో కూర్చుంది. వెనకే ఆడవాళ్ళంతా ఎక్కారు. నేనూ ఎక్కాను.

"దిగండమ్మా, సార్ వెళ్ళాలి" అన్నాడు నాయకుడి మనిషి.

"ఎళ్ళమను. పాత పడవ ఉందిగా. మేం రోజూ దాంట్లోనే పోతన్నాం" అంది అక్క. "ఇది మాత్రం ఈ రేవు దాటి పోదు."

అరిచారు, బతిమాలారు, ఫోన్లు చేశారు. ఎవరం దిగలేదు. పడవ మా రేవులోనే ఉండాలని మర్నాడు కాగితం వచ్చింది. చదవాల్సిన మనిషి పోయాక వచ్చిన కాగితం అది. దాన్ని చూసినా నా కోపం తగ్గలేదు.

నా కళ్ళముందు నిలిచిపోయింది ఆ మంగళవారం మధ్యాహ్నమే. తెల్లచొక్కా ఆయన మా అరటిగెలల పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు. మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. మా ఆడవాళ్ళు పడవలో ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. పాత పడవ మళ్ళీ అవతలి గట్టునే ఉంది. అది ఇంకా కదల్లేదు.