ఆ సోలెడు వెన్న నింపింది నేనే

మా చిన్నప్పుడు... డిసెంబర్ మొదలైందంటే మా ఇంట్లో వెన్న ముట్టుకోవడం బంద్. అమ్మ పొద్దున్నే చల్ల చిలికి, వెన్నను ముద్ద చేసి, నీళ్ళు పోసిన గిన్నెలో వేసి ఉట్టి మీద పెట్టేది. ఆ నీళ్ళు రోజూ మార్చేది. మాకు మాత్రం ఉత్త చల్లే.

"క్రిస్మస్ బిస్కెట్లకు బిడ్డా... జర ఓపిక పట్టు" అనేది.

మాది కోదాడ దగ్గర చిలుకూరు. ఇంట్లో ఉన్నది ఒక్క బర్రె. అది ఇచ్చే పాలు ఎన్ని, అందులోంచి వచ్చే వెన్న ఎంత... పదిహేను రోజులు కూడబెడితే గానీ మేం కొలిచే సోల గిన్నె నిండేది కాదు. అన్ని రోజులూ అమ్మ పొలం పనికి పోయొచ్చి, మళ్ళీ తెల్లారే లేచి చిలికేది. రెక్కలు గుంజుతున్నాయని అనేది గానీ ఒక్కరోజు మానలేదు.

అప్పట్లో బిస్కెట్లు ఇంట్లో ఎవరూ కాల్చేవాళ్ళు కాదు. మైదా, చక్కెర, డాల్డా, గుడ్లు పట్టుకొని బస్సెక్కి కోదాడ బేకరీకి పోయేవాళ్ళం. వాళ్ళే కలిపి, బట్టీలో కాల్చి, మన డబ్బాలో పోసిచ్చేవాళ్ళు. పండుగ ముందు వారం ఆ బేకరీ ముందర చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళంతా డబ్బాలతో కూర్చుని ఉండేవాళ్ళు.

అందరూ డాల్డా తెస్తే మా అమ్మ ఇంటి వెన్న తెచ్చేది. సోలెడు వెన్న, సోలెడు చక్కెర, రెండు సోలల మైదా... అది అమ్మ లెక్క. అందరి సామాను తూకం వేసే బేకరీ ఆయన అమ్మది వేసేవాడు కాదు. "అక్క కొలిచినంక మల్ల సూసుడేంది" అనేవాడు. అందరి ముందు ఆ మాట అన్నప్పుడు అమ్మ కొంగు సర్దుకుంటూ నవ్వేది. అమ్మను బయటివాళ్ళు మెచ్చుకున్న సందర్భాలు నాకు అంతకంటే పెద్దగా గుర్తులేవు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, సోల నింపే పని నాకు అప్పజెప్పింది. వెన్నను అరచేతుల మధ్య ఒత్తి నీళ్ళన్నీ కారబెట్టాలి. తర్వాత సోలలో సందు లేకుండా అదిమి నింపాలి. చెప్పేసి అమ్మ బర్రెకు మేత వేయడానికి పోయింది.

ఇగ నా ఘనకార్యం... అప్పటికి పది రోజులుగా నేను పీట వేసుకొని, ఉట్టి అందుకొని, ఉసిరికాయంత చొప్పున వెన్న మింగుతూనే ఉన్నాను. ఆ రోజు ఎంత అదిమినా సోల ముప్పావు దగ్గరే ఆగిపోయింది.

మొత్తం వెన్న తీసి మళ్ళీ నీళ్ళలో వేశాను. ఈసారి ఒత్తకుండా, నీళ్ళు కారుతుండగానే వదులుగా నింపాను. మధ్యలో గుంట ఉంచి అందులోనూ కాసిన్ని నీళ్ళు పోశాను. పైన వెన్న పరిచి, తడిచేత్తో నున్నగా రాశాను. సోల నిండింది. బస్సు టైమవుతుంటే అమ్మ వచ్చి చూసి, "మంచిగ నింపినవ్ బిడ్డా" అని ఆ తొందరలో సరిగ్గా చూసుకోకుండానే గిన్నెలోకి వంపుకొని, మూత పెట్టి బయల్దేరింది.

బేకరీలో పిండి చేతికి అంటుకుపోయింది. ఆయన మైదా కలిపాడు, ఇంకా కలిపాడు... చివరికి వచ్చిన బిస్కెట్లు పంటికి లొంగలేదు. పక్కన కూర్చున్నామె ఒకటి కొరికి చూసి, "వెన్న ఎయ్యలేదా ఏంది?" అన్నది. బేకరీ ఆయన తల గోక్కున్నాడు.

"ఈసారి నీ కొలత తప్పినట్టుందక్కా."

అమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. నా మీద అనుమానమే రాలేదు ఆమెకు. "అవ్ తమ్మీ... నా చెయ్యే తప్పింది" అన్నది. నేను ఆమె కొంగు పట్టుకొని నిలబడ్డాను.

మరుసటి ఏడు అమ్మ వెన్న దాయలేదు. డాల్డా ప్యాకెట్ కొన్నది. బేకరీ ఆయన దాన్ని కాంటా మీద పెడుతుంటే పక్కకు చూస్తూ కూర్చున్నది. ఆ తర్వాత కూరలో ఉప్పు వేసినా, "జర సూడు, సరిపోయిందా?" అని అడగడం అలవాటైంది. చుట్టాలొస్తే అన్నానికి ఎసరు కూడా వేరేవాళ్ళతో పోయించేది. నాకు అన్నీ తెలుసు. చెప్పలేదు. ఒక ఏడు దాటాక చెప్పడం ఇంకా కష్టమైంది. తర్వాత చదువు, పెళ్ళి, ఉద్యోగం...

ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాం. మొన్న మా పాప పుట్టినరోజని ఆఫీసు నుంచి వచ్చి, నడుం వాల్చకుండానే కేక్ మొదలుపెట్టాను. ఫోన్ చూసుకుంటూ చిన్న తూకం మిషన్ మీద వెన్న పెడుతున్నాను. నూట ఇరవై గ్రాములు. ఊరి నుంచి వచ్చిన అమ్మ పక్కనే కూర్చొని చూస్తున్నది.

"గిది మంచిగున్నదే... నా చేతికి మొదటిసంది కొలత రానే రాదు" అన్నది.

మొదటి నుంచీ అట! సోల ముట్టుకుంటే చాలు లెక్క తెలిసిన మనిషి... అది కూడా మర్చిపోయింది. చేతిలో గిన్నె పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను... ఉట్టి, ఉసిరికాయంత ముద్దలు, నీళ్ళు, అన్నీ. నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

అమ్మ తన అరచేతిని చూసుకున్నది.

"గప్పుడే చెప్తే రెండు దెబ్బలేసి మర్చిపోతుంటి గదనే... ఇన్నేండ్లు నా చేతినే తిట్టుకున్న."

అంతే. లేచి, మెల్లగా గదిలోకి పోయి పండుకున్నది. కేక్ కోసినప్పుడు వచ్చింది, తిన్నది, బాగుందన్నది. ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అందరి వంటింట్లో తూకం మిషన్లే... గ్రాము తేడా వచ్చినా అప్పటికప్పుడే చెప్పేస్తాయి. ముప్పై ఏళ్ళు నోరు మూసుకున్నది మనిషినైన నేనే. మీ ఇళ్ళల్లో కూడా మీరు చేసిన తప్పు ఎవరైనా తమదనుకొని మోస్తుంటే ఇక్కడ రాయండి, తప్పకుండా చదువుతాను... కాకపోతే ముందు వాళ్ళకు చెప్పి రండి.