ఇలైసా వేసిన తాళం

ఫిజీ రాజధాని సువాలోని మా కాల్ సెంటర్‌లో తెర నల్లబడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇలైసాని తిట్టుకుంటారు. ఆ ప్రోగ్రాము రాసింది అతనే మరి. మౌస్ కాసేపు కదలకపోతే కంప్యూటరు తెరకి దానంతటదే తాళం పడుతుంది. తీయాలంటే సూపర్వైజరు అపెనిసా లేచి వచ్చి పాస్‌వర్డ్ కొట్టాలి. నెలలో మూడుసార్లు తాళం పడితే ఉద్యోగం ఊడినట్టే.

అపెనిసా ఇలైసాకి అక్క భర్త. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. మా ఫిజీలో బావలు ఎంతైనా వేళాకోళం ఆడుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. బావ అడిగింది కాదనకూడదు కూడా. "లేచి వెళ్లినప్పుడు మన తెరలు బయటివాళ్ల కంటపడకుంటే చాలు బావా" అని అపెనిసా అడిగితే ఇలైసా ఒక్క సాయంత్రంలో రాసిచ్చాడు. తాళం వెయ్యమని కంప్యూటరుకి చెప్పడానికి ఒక్క వరుస చాలట. తియ్యమని చెప్పే అధికారం మాత్రం ప్రోగ్రాముకి లేదట. తర్వాత అది మెల్‌బోర్న్‌లోని పెద్దాఫీసుకి వెళ్లింది. ఆ మహానుభావులు దానికి ఈ మూడుసార్ల లెక్క తగిలించి మా మీదికి వదిలారు. ఇలైసా ఇక దాన్ని ముట్టుకోవడానికి లేదు. సాయంత్రాలు అందరం చేరి యంగోనా వేళ్ల రసం తాగే చోట అతని పక్కన కూర్చునేవాళ్లే కరువయ్యారు.

నా పక్క సీటు వాసితికి ఎనిమిదో నెల. మాటిమాటికీ బాత్రూముకి వెళ్లక తప్పదు. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు తాళం పడింది.

"అన్నా, మీ బావతో ఒక్క మాట చెప్పవా? కాన్పయ్యేదాకా నన్ను వదిలెయ్యమను," అంది ఇలైసాతో.

ఇలైసా వెంటనే వెళ్లాడు.

"బావా, వాసితి తెరకి తాళం పడకుండా చూడు."

"ముందు నీ నోటికి పడేట్టు చూసుకో. మీ అక్క సంతోషిస్తుంది."

"నవ్వులాటకి అనట్లేదు."

"నీ మొహం చూస్తేనే నవ్వొస్తుంటే నేనేం చెయ్యను బావా?"

హాలంతా నవ్వింది. ఇలైసా కూడా నవ్వాల్సి వచ్చింది. బావ ముందు ఏడ్చినా అది వేళాకోళం కిందే జమ. ఆ వారమంతా ఎన్ని రకాలుగా అడిగినా అంతే అయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

సోమవారం పొద్దున్నే ఇలైసా లుంగీలాంటి కొత్త సులు కట్టుకుని, యంగోనా వేళ్ల కట్ట పట్టుకొచ్చాడు. అపెనిసా బల్ల పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, కట్టని ముందు పెట్టి తలవంచాడు. వేళ్లు పెట్టి అడిగితే అది ఇక పరాచికం కాదు. కట్టని అందుకుంటే అడిగింది చేసి తీరాలి. ఇప్పటికైనా ఈ పీడ వదులుతుందని నాకు ఆశ పుట్టింది.

అపెనిసా కుర్చీ దిగి ఎదురుగా కూర్చున్నాడు. కట్ట మీదికి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఇలైసా," అన్నాడు. బావా అనలేదు. "పోయిన నెలే పెద్దాఫీసువాళ్లని అడిగాను. వాసితి సంగతి తేల్చలేదు గానీ, నా తెరకీ ఈ తాళం పెట్టారు. ఈ నెల నాకూ రెండైపోయాయి."

చెబుతూనే చెయ్యి పైకెత్తి, బల్ల మీది మౌస్‌ని వెతికి కదిపాడు. బాత్రూముకని లేచిన వాసితి మళ్లీ కూర్చుంది.