మాడిన కొబ్బరి వాసన

గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా నేను అల్లింది కాదు. మా దీవిలో, జంగ్లీఘాట్ ఇంట్లో, నేను పూర్తి మెలకువలో ఉండగా జరిగింది.

మా ఆయన పడవ మీద వేటకెళ్ళే మనిషి. పోయిన ఏడాది ఫిట్స్ వచ్చి పడిపోయాడు. స్కాన్ తీస్తే మెదడులో చిన్న నీటిబుడగ ఉందన్నారు. పురుగు గుడ్లు తిండితో లోపలికి పోతే అలా కడుతుందట. ఆపరేషన్ అక్కర్లేదు, మందులతోనే ఎండిపోతుంది, కానీ ఫిట్స్ మాత్ర ఒక్క రోజు కూడా మానొద్దు, నేను చెప్పేదాకా సముద్రం మీదికి పోవద్దు అన్నాడు డాక్టరు. ఫిట్స్ వచ్చే ముందు ఆయనకు మాడిన కొబ్బరి వాసన వస్తుంది. అది ఆయన మెదడులో పుట్టే వాసన, పక్కవాళ్ళకు రాదు అని కూడా చెప్పాడు.

రెండు నెలలు బాగానే ఉన్నాడు. ఒక రాత్రి, మూడింటికి పడవెక్కుతానని వల సర్దుకుని పడుకున్నాడు. వద్దంటే వినడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు కదా.

రెండింటికి... నాకు మెలకువ వచ్చింది.

వాసన... మాడిన కొబ్బరి.

పొయ్యి తాకి చూశాను. చల్లగా ఉంది. తలుపు తీశాను... బయట ఉప్పుగాలి, అంతే. లోపలికొస్తే మళ్ళీ అదే. ఆయన మంచం దగ్గర... ఇంకా ఎక్కువ. మందుల డబ్బా తెరిచాను. నాలుగు రోజుల మాత్రలు అట్టలో అలాగే ఉన్నాయి.

లేపాను. "మావా, దవాయి మానేసినావా?"

"ఏసుకుంటే నిద్దరొస్తంది. దరియా మీద వల లాగేదెలాగ?"

"కొబ్బరి మాడిన వాసన రాలేదా నీకు?"

"లేదే. నీకొచ్చిందేటి? సో జా, పడుకో."

గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. తిట్టాడు. పడవ వెళ్ళిపోయింది. విసుక్కుంటూ మళ్ళీ పడుకున్నాడు.

నాలుగింటికి... మంచం కోళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఫిట్స్. చేతిలో తాళాలు పెట్టలేదు. డాక్టరు నేర్పినట్టు పక్కకు తిప్పి, ఆగేదాకా దగ్గరే ఉన్నాను. ఆ వేళకు నడిసముద్రంలో ఉండాల్సిన మనిషి. తెల్లారేదాకా ఏడ్చాను.

తర్వాత మందులు మానలేదు. ఈమధ్య స్కాన్‌లో బుడగ ఎండిపోయిందన్నారు. నాకు వచ్చిన వాసన సంగతి డాక్టరుకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఇద్దరిదీ ఒకే తిండి కదా దీదీ. మీరూ ఒకసారి స్కాన్ తీయించుకోండి" అన్నాడు.

ఇంకా తీయించుకోలేదు. బుడగ ఉందంటే సరే, దానికి మందులున్నాయి...

ఏమీ లేదంటేనే నాకు భయం.