కొసరు కుందేలు

నాకు కుందేళ్లంటే రోత. అవి ముద్దు ముద్దుగా ఉన్నాయనేవాళ్లు దూరం నుంచి చూసినవాళ్లే అయి ఉంటారు, వాటి కింద గోనెపట్టా దులిపినవాళ్లు ఆ మాట అనరు. కుందేలు మూత్రం ఎండితే బండ మీద సున్నం మరకలా పేరుకుంటుంది. ఆ ఘాటు ముక్కులో పడితే ఇంగువ డబ్బా మూత తీసినా పోదు. పైగా అది మెడ వంచి, తన పెంటికలు తానే నోటితో అందుకుని తింటుంది. అది కళ్లారా చూసిన రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

అలాంటివి రెండు మా ఇంట్లోకి వచ్చాయంటే తప్పు నాదే. నేను పుట్టింది నకిరేకల్‌లో ఒక కిరాణా దుకాణం వెనక గదిలో. పెళ్లయి వచ్చింది చిట్యాలలో ఇంకో కిరాణా దుకాణం వెనక గదిలోకి. మేము మాంసం ముట్టని ఇంటివాళ్లం. ఆవుకు అరటిపండు పెట్టడం తప్ప ఏ జంతువునూ చేత్తో తాకి ఎరుగను. కానీ బేరం కనిపిస్తే మాత్రం ఆగలేను.

కరోనాకు బడులు బంద్ అయిన ఆ వానాకాలంలో, ఒకతను మోపెడ్ వెనక ఇనుప జాలీ పెట్టె కట్టుకుని మా దుకాణం ముందు ఆగాడు. పెట్టె నిండా కుందేళ్లు. మా పదేళ్ల అమ్మాయి నెలల తరబడి ఇంట్లోనే ఉండి మాటలు తగ్గించేసింది. ఆ రోజు గడప దాటి వచ్చి ఒక తెల్ల కుందేలు ముందు కూర్చుంది. నేను ధర సగానికి దించాను. అంతటితో ఊరుకోవాల్సింది.

"కొసరేంది?" అన్నాను.

"కుందేలుకు కొసరేంది సావుకారమ్మ, గిది చింతపండా?"

"చింతపండు కొంటె నేను రెండు ఎండు మిరపకాయలన్న ఏస్త. ఇంత బేరం జేసినంక ఒట్టి చేతులతోని పంపుతవా?"

అతను ఆకాశం వైపు చూశాడు. వాన వచ్చేలా ఉంది. పెట్టె మూల ముడుచుకున్న బూడిద రంగుదాన్ని చెవులు పట్టి లాగి మా అమ్మాయి ఒళ్లో పడేశాడు. "తీస్కో. నీ కొసరు."

ఆ సాయంత్రం వచ్చినవాళ్లందరికీ ఆ గెలుపు చెప్పుకున్నాను. బెల్లం దిమ్మ కొంటే తిరగేసి అడుగు చూసేదాన్ని, ఊరికే వచ్చిందని దాని వెనక వైపు ఏముందో చూడలేదు.

మా అమ్మాయికి ఆ బూడిదదే నచ్చింది. తెల్లది అమ్మ కొన్నది, ఇది నాదని చెప్పేది. గంటల తరబడి దాని ముందు బోర్లా పడుకుని బడి ముచ్చట్లన్నీ దానికి చెప్పేది. చెయ్యి పెడితే మాత్రం అది గోళ్లతో గీరి పరుగెత్తేది.

ఇక తిండి. అమ్ముడుపోని సరుకుకు ఒక నోరు వెతకడం మా ఇంటి అలవాటు. విరిగిన బిస్కెట్లు, మెత్తబడ్డ మరమరాలు, జల్లెడలో మిగిలిన పప్పు నూక, అన్నీ కుందేళ్ల గిన్నెలోకే పోయాయి. తెల్లది మూతి తిప్పుకుని గడ్డి నమిలేది. బూడిదది ఒక్క పలుకు వదల్లేదు. పది రోజులు తిరిగేసరికి దాని వెనక బొచ్చంతా పేడ అంటుకుని తారులా గట్టిపడింది. ఈగలు వదలడం లేదు. ఆ వాసనకు నేను పెరటి తలుపు మూసేశాను.

సబ్బుల అట్టపెట్టెలో వేసుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, "బిస్కెట్లు పెట్టిన్రా?" అని అడిగింది.

"ఇరిగినయే మేడం," అన్నాను.

ఆమె కత్తెర అందుకుంది. పేడ కత్తిరించి, కడిగి, అప్పుడు చెప్పింది. "ఇగ గడ్డి తప్ప ఏం పెట్టొద్దు. పొద్దుగాల, సాయంత్రం తిప్పి ఎనక చూడాలె, కడిగి ఆరబెట్టాలె. వానలు పడుతున్నయి. ఈగ గుడ్లు పెట్టిందంటె ఒక్క దినంల పురుగులు పడి లోపటికి తింటయి. మీరు సూడకపోతె సచ్చిపోతది."

"చూస్తం మేడం."

"ఎట్ల చూస్తరు? పట్టుకోనిస్తలేదు గద. గుంజుకొని ఒక్కపాలి గట్టిగ తన్నిందంటె దాని నడుమే ఇరుగుతది. ముందుగాల చేతులకు అలవాటు చేయుండ్రి. జర జల్ది."

దారిలో అమ్మాయి పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "అమ్మా, ఇది సచ్చిపోతదా?"

"పట్టుకోనిస్తె సావదు," అన్నాను.

అమ్మాయి ప్రయత్నించింది. నడుము విరుగుతుందన్న మాట చెవిలో పడ్డాక దాని చేతులు వణకసాగాయి. ఆ వణుకుకు కుందేలు ఇంకా బెదిరింది. మా ఆయన దుకాణంలో పని ఉందన్నాడు. మిగిలింది నేను.

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, ఆశ పెట్టడం. కొత్తిమీర రెమ్మ ముందు పెట్టాను. అది తినడానికి రాగానే రెండు చేతులతో పట్టాను. మొదటి రోజు దొరికింది, ముంజేతి మీద మూడు గీతలు గీసి జారిపోయింది. రెండో రోజూ అంతే. నాలుగో రోజుకు కొత్తిమీర కనిపిస్తేనే మంచం కిందికి దూరింది. అయిదో రోజు నా గాజుల చప్పుడు చాలు, మూలకు పోయి గోడకు అతుక్కునేది. ఆ రెండు రోజులూ దాని వెనక ఎవరూ చూడలేదు.

గొర్రెలకు పెట్టే దొడ్డుప్పు కోసం వచ్చే ఒక ముసలవ్వ ఉండేది. ఉప్పు తూచమని పిలిచి పిలిచి, ఎవరూ పలకక వెనక వసారాలోకి వచ్చేసింది. నేను మంచం కింద సగం దూరి ఉన్నాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"కుందేలును అలవాటు చేస్తున్న అవ్వ. కొత్తిమీర పెడితె మొదలు వచ్చేది, ఇప్పుడు ఉరుకుతాంది."

"ఎప్పుడు పెడుతున్నవ్? పట్టక ముందుగాలనా?"

"పెట్టకుంటె ఎట్ల వస్తది?"

"నీ దుకాణంల కొసరు ఎప్పుడేస్తవ్?"

"తూచినంక."

"ముందుగాల ఏస్తె?"

"తీస్కొని పోతరు."

"గింత తెలిసి గిట్ల జేస్తివి? కొత్తిమీర అగుపడితె సావుకారమ్మ మీద పడతదని దానికి ఎరికైంది. పట్టినంక పెట్టు, ఇడిసినంక పెట్టు."

ఆమె కాళ్లు చాపి నేల మీద కూర్చుంది. కుందేలు వైపు చూడనైనా లేదు, నాతో వానల గురించి మాట్లాడింది. కొంతసేపటికి అదే వచ్చి ఆమె కాలి వేళ్లు వాసన చూసింది. ఆమె అరచెయ్యి దాని వీపు మీద ఆనించి తీసేసింది. తర్వాత ఒక చెయ్యి రొమ్ము కింద, ఒకటి పిర్రల కింద పెట్టి, బెత్తెడు లేపి దించింది. దించాక రెమ్మ ఇచ్చింది.

"అది గుంజుకోకముందే నువ్వే ఇడువాలె. గుంజుకుంటె ఇడిస్తివనుకో, గుంజుడు నేర్సుకుంటది. ఏది, నువ్వు పట్టు."

పట్టాను. ఆమె నవ్వింది. "మొకం గట్ల పెట్టి, చేతులు గంత దూరం చాపుతె అది పడిపోత అనుకోదా? పొట్టకు ఆనిచ్చి పట్టు."

"చీర పాడైతది అవ్వ."

"ఉతుక్కుంటవ్."

పాత నేత చీర ఒకటి దానికి కేటాయించి, వేరే తీగ మీద ఆరేసేదాన్ని. పొద్దున, సాయంత్రం అది చుట్టుకుని నేల మీద కూర్చునేదాన్ని. చెయ్యి ఆనించడం, బెత్తెడు లేపడం, దించడం, రెమ్మ. అన్నిటికంటే నాకు కష్టమైంది ముందే వదిలిపెట్టడం. ఎదుటివాడు లేచి నాలుగడుగులు వేసినా బేరం వదలనిదాన్ని, ఒక కుందేలు ఇంకా ఊరుకుని ఉండగానే చేతులు తీయాలంటే ప్రాణం ఒప్పేది కాదు. ఒకసారి ఆశపడి ఎక్కువసేపు ఉంచాను. అది తన్నింది. మళ్లీ మొదటికి వచ్చి రెండు రోజులు కాలి వేళ్లే వాసన చూపించాను.

వారం దాటాక పొట్టకు ఆనించుకుని లేపితే ఊరుకుంది. వెనక తిప్పి చూడనిచ్చింది. ప్రేమ పుట్టిందని రాస్తే అబద్ధం. దాని బొచ్చు రాలి నా పెదవికి అంటుకునేది, వెచ్చటి పొట్ట నా అరచేతిలో కొట్టుకునేది, ఒళ్లు జలదరించేది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నా చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకున్నా అన్నం ముద్ద నోటి దగ్గరికి వస్తే వాసన చూసేదాన్ని.

తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. బొచ్చు ఎంత తుడిచినా ఆరలేదు. మూడో రోజు పొద్దున దాన్ని ఎత్తుకుంటే వాసన వేరేగా ఉంది, తియ్యగా, కుళ్లిన అరటిపండులా. తిప్పి బొచ్చు విడదీశాను. తోక కింద ఉడికిన నూకల్లాంటివి కదులుతున్నాయి.

పురుగులు నాకు కొత్త కాదు. బియ్యంలో, మినుముల్లో, గోధుమపిండిలో వాటితోనే పెరిగాను. ఇవి బతికి ఉన్న ఒంట్లో తింటున్నాయి.

అమ్మాయిని పిలిచి ఫోన్ లైటు పట్టమన్నాను. గోరువెచ్చని ఉప్పునీళ్లు, దూది, కనుబొమ్మలు తీసుకునే పట్టకారు తెమ్మన్నాను. కుందేలును పొట్టకు ఆనించుకుని, దాని తల నా మోచేతి మడతలో దాచాను. ఒక్కొక్కటే తీసి ఉప్పునీళ్లలో వేశాను. అవి నీళ్లలోనూ మెలికలు తిరిగాయి.

"అమ్మా, నీకు కక్కొస్తుందా?" అంది అమ్మాయి.

"మాట్లాడకు. లైటు కదిలియ్యకు."

కక్కు గొంతు దాకా వచ్చింది. నేను ఒక్కసారి ఎగిరిపడితే అది తంతుంది, తంతే నడుము. నోరు మూసుకుని, వచ్చిందాన్ని మింగాను. రెండోసారి కూడా మింగాను. అది నా తొడ మీద వెచ్చగా మూత్రం పోసింది. గోళ్లు చీరలోకి దిగాయి, అంతే. తన్నలేదు. చివరిది తీసి, ఇంకోసారి వెతికి, ఏమీ కదలడం లేదని అమ్మాయి చేత కూడా చూయించుకున్నాక దాన్ని దించాను. కొత్తిమీర పెట్టడం మర్చిపోయి మోరీ కాలువ దగ్గరికి పరుగెత్తాను.

ఒంట్లో ఉన్నదంతా వెళ్లిపోయాక ముఖం కడుక్కుని వచ్చేసరికి అమ్మాయి నేల మీద కూర్చుని ఉంది. కుందేలు దాని పొట్టకు ఆని ఉంది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒకటి పిర్రల కింద. వణుకు లేదు. గౌను ముందంతా తడిసి పసుపు మరకలు పడ్డాయి. తిట్టే ఓపిక నాకు లేదు.

"జల్ది రా అమ్మా, దవాఖాన తెరుస్తరు," అంది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. సూది వేసి, మందు పూసి చెప్పింది. "లోపటికి పోలె. బతుకుతది. ఎండ వచ్చేదాక రోజుకు మూడుపాలి చూడుండ్రి."

"రెండుపాలి చాలదా మేడం?" అన్నాను.

"చాలదు."

అమ్మాయి అప్పటికే దాన్ని ఎత్తుకుని నా చేతికి అందిస్తోంది.